పసుపు కొమ్ము, మసిబొట్టు

పోయిన నెల కడుపులో నొప్పి వచ్చి ఊళ్ళో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. జీవితమంతా ఇతరుల కడుపులు పట్టి చూసినదాన్ని, నా కడుపు ఇంకొకరికి అప్పగించి మంచమెక్కడం నాకు కొత్త. చిన్న డాక్టరు, మా మనవరాలి వయసు పిల్ల, చల్లటి జిగురేదో నా పొట్ట మీద పూసి, చేతిలో మిషను దాని మీద నడిపిస్తూ చూపంతా తెర మీదే పెట్టింది. నా మొహం వంక ఒక్కసారీ చూడలేదు. "పిత్తాశయంలో రాళ్ళున్నాయమ్మా" అని ఆ తెరకే చెప్పింది. జిగురు తుడవడానికి గుడ్డ తీసుకున్నప్పుడు మాత్రం ఆమె చేయి ఆగింది. నా ఎడమ పక్కటెముకల కింద వరసగా మూడు మచ్చలున్నాయి, చింతగింజలంత. "ఇవేంటమ్మా, కాలిందా?" అంది. "కాలలేదు పాపా, కాల్చినారు." "ఎవరు?" "మా జేజి." ఆ పిల్ల నా కాగితం చూసింది, మళ్ళీ మచ్చలు చూసింది. "మీరు డాక్టరని రాసుంది. మీకు వాతలేంటి మేడమ్?" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వాను. దాదాపు ఇదే ప్రశ్న నా చదువు రోజుల్లో ఒకామె నన్ను అడిగింది. ఆనాడు నేనిచ్చిన జవాబు మీద ఒక ఆడపిల్ల ప్రాణం ఆధారపడి ఉండింది.

ఆ రోజుల్లో నాది కర్నూల్లో డాక్టరు చదువు. చివరి సంవత్సరాలకు వచ్చేసరికి పుస్తకం తగ్గి, రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకునే చదువు పెరుగుతుంది. ఎండాకాలంలో కొన్ని వారాలు మమ్మల్ని కొంతమందిని మా జిల్లాలోనే ఒక ఆసుపత్రికి పని నేర్చుకోమని పంపారు. దాని పేరు రాయను, ఇప్పుడు ఆ కట్టడమూ లేదు. వచ్చిన వాళ్ళలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మాది సోమందేపల్లె, నాయన అక్కడ బడి అయ్యవారు. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రంలో మా మేనత్త ఇల్లుంది కాబట్టి ఉండడానికి చోటు వెతుక్కునే పని లేకపోయింది. నాయన తల్లి, మా జేజి, అప్పటికి అత్త దగ్గరే ఉండేది.

జేజి మనిషి పొట్టి, మాట పొడుగు. ఆ ఇంట్లో నీళ్ళ పెత్తనం ఆమెది. ఆ ఏడు వానలు లేక, సముద్రమని పేరు పెట్టుకున్న చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. అత్త బావి నుంచి మోసుకొచ్చిన బిందెల్లో ఏది తాగేది, ఏది గిన్నెలకు, ఏది ఒంటికి అని జేజి గడప మీద కూర్చుని పంచేది. నేను ఆసుపత్రి నుంచి రాగానే ఇంట్లోకి రానిచ్చేది కాదు. పెరట్లో గోగాకు మడి పక్కన నిలబెట్టి చెంబుతో పోసేది. నా ఒంటి మీద జారిన నీళ్ళు వృథా పోకుండా గోగాకుకు పారాలి. "స్పిరిట్టు కంపు కొడతాండావు మే! ఈ కంపుతో సంగటి ముద్ద ముడితే ముద్దకి గూడా జరమొచ్చి పండుకుంటాది" అనేది. అలా కడిగి, తుడిచి, లోపలికి తీసుకుపోయి సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి పెట్టి, నేను తింటున్నంతసేపూ విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చునేది. నేను తక్కువ తింటే డాక్టరు చదువుదే తప్పు, ఎక్కువ తింటే ఊరిబిండి గొప్ప.

కాని ఆ ఇంట్లో నాకు బాగా గుర్తున్నది కాలిన పసుపు వాసన. జేజికి వాతలు పెట్టడంలో చుట్టుపక్కల పేరుండేది. చూరుకు గుడ్డమూటలో పసుపు కొమ్ములు వేలాడుతుండేవి. ఒక కొమ్మును ఆముదం దీపంలో కాల్చి, మొన ఎర్రగా కణకణమన్నప్పుడు నొప్పి ఉన్నచోట చర్మం మీద అద్ది తీయడమే వాత. పొద్దున్నే వాకిట్లో జనం. కడుపునొప్పివాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. ఆమె అందరికీ చెప్పే సూత్రం ఒకటే: "నొప్పి యాడుంటే ఆడ. నొప్పి నడిస్తే దాని యెనకాల మనమూ నడవాల." పొట్ట మీద ఒకచోట పెట్టాక నొప్పి ఇంకోచోటికి జరిగితే, అక్కడ మళ్ళీ పెట్టేది. మా ప్రాంతంలో ఈ పద్ధతి తెలియని ఇల్లు లేదు. నా చిన్నప్పుడు చలిజ్వరాలు వచ్చి కడుపులో బల్ల పెరిగితే, అంటే ఎడమ పక్క ప్లీహం గట్టిపడి ఉబ్బితే, నాకూ ఈమే పెట్టింది. నాయన మాత్రం ఆమెకు తెలియకుండా నా నోట్లో క్వినైను పోసేవాడు. నన్ను బతికించింది క్వినైనని నేను, కొమ్మని ఆమె. ఒకే ఇంట్లో కాల్చే ముసలమ్మా, డాక్టరు కాబోయే మనవరాలూ! పోట్లాట లేకుండా పొద్దుగుంకేది కాదు. వాత రోగాన్ని తీయదు, నొప్పి మీద ఇంకో నొప్పి పెడుతుంది, అంతే. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆసుపత్రిలో మాకు పని నేర్పిన సర్జనును అందరూ పెద్ద సారు అనేవాళ్ళు. గుంటూరు వైపు మనిషి. చేయి బంగారం, నోరు పచ్చిమిరపకాయ. కడుపు పట్టి చూడడం ఆయన దగ్గర నేర్చుకున్నదే నాకు ఈనాటికీ కూడు పెట్టింది. "చల్లటి చెయ్యి పెడితే ఎవరి కడుపైనా బిగుసుకుంటుంది. ముందు అరచేతులు రుద్దుకోండి. కడుపు పట్టేటప్పుడు కడుపు వంక చూడకండి, మొహం చూడండి" అనేవాడు. నేను గబగబా పట్టేసుకున్నాను. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, మా జట్టులో నా చేతివేళ్ళే మేలైనవని ఆయనకూ తెలుసు. మగపిల్లలు తడుముకునే చోట నన్ను పిలిచేవాడు.

ఆయనకు వాతలంటే మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. రోగి ఒంటి మీద వాత కనబడిందా, వార్డంతా దద్దరిల్లేది. "కాల్చినవాళ్ళ దగ్గరికే పొండి! నా దగ్గరికెందుకొచ్చారు?" అని బయట వరండాలో కూర్చోబెట్టేవాడు. తిట్టి తిట్టి మధ్యాహ్నానికి మళ్ళీ తనే చేర్చుకునేవాడనుకోండి. ఆయన కోపంలో న్యాయముంది. కాలిన చర్మం చీముపట్టి, అసలు రోగం కంటే అదే ఎక్కువైన పసిబిడ్డల్ని మేమందరం చూశాం. కాని తిట్లకు జనం వాతలు మానలేదు, వాతలు దాచడం నేర్చుకున్నారు. పైన పసుపు ముద్ద మెత్తి, గుడ్డ చుట్టి, అడిగితే దేవుని మీద ఒట్టేసేవాళ్ళు. దాచేవాళ్ళలో నేనూ ఉన్నాను. కర్నూల్లో ప్లీహం పాఠం రోజు, అక్కడ వాతలున్న మనిషిని చూపించి మేష్టారు "అజ్ఞానం ముద్ర" అన్నప్పుడు తరగతంతా నవ్వింది. నేను పైట సర్దుకుని కూర్చున్నాను.

ఒక పొద్దున ధర్మవరం నుంచి ఒక నేతపనివాళ్ళ అమ్మాయిని తెచ్చారు. పేరు నాగరత్న, పదహారు పదిహేడేళ్ళుంటాయి. వెంట తల్లి ఓబుళమ్మ. పిల్ల ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది, నాలుక ఎండిపోయింది, కుడి మోకాలు ముడుచుకుని పడుకుంది. ఆ ఎండాకాలం చెరువుల అడుగునీళ్ళు తాగి ఊళ్ళకు ఊళ్ళే టైఫాయిడుతో మూలుగుతున్నాయి, మా వార్డులో సగం మంది వాళ్ళే. ఆడపిల్ల పొట్ట మీద గుడ్డ తీయడానికి తల్లి ఒప్పుకోలేదు. పెద్ద సారు చీర మీద నుంచే చేయి పెట్టాడు. ఎక్కడ ముట్టుకున్నా ఆ పిల్ల బిగుసుకుపోయింది. "నొప్పి మొదట ఎక్కడ వచ్చిందమ్మా? జ్వరం ముందా, నొప్పి ముందా?" అని అడిగాడు. పిల్ల తల్లి వంక చూసింది. తల్లి, "కడుపంతా ఒగటే నొప్పి సారూ. జరమూ నొప్పీ అంతా ఒగేసారి" అంది. "వాతలేమైనా పెట్టారా?" "అయ్యో, లేదు సారూ. మా చౌడమ్మ తల్లి మీద ఒట్టు."

బయటికి వచ్చి మాకు చెప్పాడు. ఇది టైఫాయిడైతే కడుపు కోయడం ఆ పిల్లను చేతులారా చంపడమే. అపెండిసైటిసైతే, అంటే పేగు కొనన చీము పడితే, కోయకపోవడం చంపడం. రెండింటిలోనూ కుడి కింద నొప్పి ఉంటుంది. తేల్చేది ఒక్కటే, నొప్పి నడిచిన దారి. బొడ్డు దగ్గర మొదలై కుడి కిందికి దిగి, ఆ తర్వాత జ్వరం వస్తే అపెండిక్సు. జ్వరం ముందొచ్చి కడుపంతా పాకితే టైఫాయిడు. "తల్లి చెప్పినదాన్ని బట్టి టైఫాయిడు. మందులివ్వండి. రేపొచ్చి చూస్తాను" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన హిందూపురం వెళ్ళాలి, బయట జీపు సిద్ధంగా ఉంది.

నాకు మనసొప్పలేదు. ఆ పిల్ల నాడి పట్టుకుంటే గుర్రంలా పరుగెడుతోంది. టైఫాయిడులో నాడికి జ్వరానికి తగినంత వేగం ఉండదని చదువుకున్నాను. అయినా అదొక్కటే చెబితే ఆయన కదలడు. దుప్పటి సర్దడానికి వంగాను. స్పిరిట్టు, చెమట, జరీ పట్టుకు పెట్టే గంజి, వాటన్నిటి కిందా ఒక వాసన తగిలింది. అత్త వాళ్ళ వాకిట్లో రోజూ పీల్చే వాసనే. కాలిన పసుపు.

"వాత పెట్టినారు కదా?" అన్నాను మెల్లగా. "లేదు పాపా" అంది ఓబుళమ్మ, కళ్ళు నేలకేసి. ఇంకోసారి అడిగాను. "లేదంటే ఇనవే! మీ సారు తరుముతాడు, యాడికి పోవాల ఈ బిడ్డనేసుకోని?" అని ఏడుపు అందుకుంది. అప్పుడు నేను గుడ్డతెర లాగాను. తెర లోపల మేం ముగ్గురమే. పైట తొలగించి, జాకెట్టు కొంచెం పైకి ఎత్తి, నా మూడు మచ్చలూ చూపించాను. కర్నూల్లో నాతో ఒకే గదిలో ఉన్న పిల్లలకు కూడా కనబడనివ్వనివి.

ఓబుళమ్మ ఏడుపు ఆగిపోయింది. వేలితో తాకి చూసింది. "ఓయమ్మా! నీకూ పెట్టినారా తల్లీ? డాక్టరు సదువు సదువుతాండావు గదా!"

"సదివేది ఇప్పుడు. పెట్టింది అప్పుడు. మా జేజి పెట్టింది, ఈడే బుక్కరాయసముద్రంలో ఉండాది. ఇంగ నీ బిడ్డవి సూపీ."

తల్లి కదిలేలోపు నాగరత్నే చీర కుచ్చిళ్ళు వదులు చేసుకుంది. పసుపు ముద్దను తడిగుడ్డతో మెల్లగా తీశాను. బొడ్డు చుట్టూ పెట్టినవి ఎండి, గోధుమరంగుకు తిరిగి, అంచులు లేస్తున్నాయి. కుడి పక్క కింద పెట్టినవి ఇంకా పచ్చి, నీటి పొక్కులు. జేజి సూత్రమే చర్మం మీద కనబడుతోంది. "ఇవి ముందు, అవి తరువాత కదా?" అని అడిగాను. "ఔను పాపా. ముందు బొడ్డుకాడ నొప్పనె. ఆడ పెడితిమి. ఆ పొద్దు జరమే లేదు, సంగటి గూడా తినె. మర్నాడు నొప్పి కుడిపక్కకి దిగె. ఈడ పెడితిమి. జరమొచ్చింది ఆపైన" అంది ఓబుళమ్మ.

పరుగెత్తాను. పెద్ద సారు జీపులో ఒక కాలు పెట్టాడు. చుట్టూ మా జట్టు మగపిల్లలు. "సార్, అది టైఫాయిడు కాదు. అపెండిక్సు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరు చెప్పారు?" అన్నాడు. "వాతలు సార్. బొడ్డు దగ్గరవి ఎండినాయి, కుడిపక్కవి పచ్చివి. నొప్పి దిగినాక జ్వరం." ఆయన మొహం జేవురించింది. "లేవని ఒట్టేసిందే ఆ తల్లి! దాన్ని..." అంటూ వార్డు వైపు కదిలాడు. నేను అడ్డం నిలబడ్డాను. ఆ ధైర్యం ఎక్కడిదంటే చెప్పలేను, నాది మొదట్నించీ అదే వరస. "తిట్టండి సార్, కాని కోసినాక తిట్టండి. తరుముతారని భయపడి మీకు చెప్పలేదు."

"నీకెందుకు చెప్పింది మరి?"

మగపిల్లలంతా నా వంకే చూస్తున్నారు. "నాకూ ఉన్నాయి సార్, మా జేజి పెట్టినవి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పెద్ద సారు జీపులోంచి కాలు తీసి, డ్రైవరుతో "ఇవాళ లేదు" అన్నాడు. అప్పుడు నాకు సిగ్గేయలేదు. ఇన్నేళ్ళకు ఇది రాస్తుంటే గర్వంగానే ఉంది.

లోపలికి వచ్చి ఆయన ఓబుళమ్మను ఒక్క మాట అనలేదు. అరచేతులు రుద్దుకుని, ఈసారి గుడ్డ లేకుండా, ఆ పిల్ల మొహం చూస్తూ కడుపు పట్టాడు. తరువాత అంతా త్వరగా జరిగిపోయింది. నీళ్ళ కరువు కాబట్టి ఒకరి చేతుల మీద ఒకరం చెంబుతో పోసుకుని కడుక్కున్నాం. కోత అంచులు పట్టుకుని నిలబడే పని నాకిచ్చాడు. కాలిన చర్మాన్ని తప్పించి కత్తి పెట్టడానికి చోటు వెతుకుతూ, "మీ జేజి వాళ్ళు నాకు కాస్త జాగా కూడా మిగల్చలేదమ్మా" అని గొణిగాడు. లోపల అపెండిక్సు నల్లబడి, ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని తీసి పళ్ళెంలో వేసి, మా అందరి ముందుకూ ఒకసారి తిప్పాడు. "రేపొచ్చి చూస్తానన్నాను" అని మాత్రం అన్నాడు. నాగరత్న గాయం వాతల వల్ల చీముపట్టి కొన్నాళ్ళు ఏడిపించింది, కాని బతికింది. తన కాళ్ళతో నడిచి ధర్మవరం బస్సెక్కింది.

ఇంటికి వచ్చి గోగాకు మడి పక్కన నిలబడి జేజికి అంతా చెప్పాను. "సూసినావా, కొమ్మే బతికించె" అని ఆమె చెంబు ఎత్తి పోసింది. "కొమ్ము ఒకరోజు తిన్నది జేజీ. మొదటి పొద్దే తెచ్చింటే ఆ పిల్లకి ఇంత నరకం లేకుండె" అన్నాను. ఆమె చెంబు మళ్ళీ ముంచింది. కాని ఊరు ఊరుకుంటుందా? వాతలు చూసే రోగం కనిపెట్టిన డాక్టరమ్మ ఉందని పాకిపోయింది. వారం తిరక్కుండానే వార్డులో ఒకామె తనంతట తనే పైట తీసి, నవ్వుతూ పొట్ట మీద పచ్చి వాతలు చూపించింది. "నీకు తెల్లాలని పెట్టించుకోని వచ్చినాను పాపా. మీ జేజే పెట్టె." నేను నెత్తి కొట్టుకున్నాను. పెద్ద సారు నా వంక చూసిన చూపు వర్ణించలేను.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస. "డాక్టరుకి తెల్లాలంటే కాల్చాల్నా? బొగ్గుతో బొట్టు పెట్టి పంపితే సాలదా?" అని అరిచాను. జేజి వక్క నోట్లో వేసుకుంది. "మసిబొట్టుతో నొప్పి యాడ పోతాది మే?" "నీ కాడ పోవద్దు. నా కాడికి రానీ. యాడుండాదో సూపిస్తే సాలు." "నడిస్తే?" "నడిస్తే ఇంగో బొట్టు." జేజి వక్క ఉమ్మి లోపలికి పోయింది. కాని మరుసటి వారం నుంచి బుక్కరాయసముద్రం వైపు నుంచి వచ్చే కడుపునొప్పులకు పొట్టల మీద నల్లటి బొట్లు కనబడసాగాయి. పెద్ద సారు మొదటిసారి చూసి "ఇదేమిటి?" అన్నాడు. "నొప్పి ఆడుండాది సారూ. నిన్న ఈడుండె, ఈపొద్దు ఆడికి పోయె" అని రోగి వేలితో చూపించాడు. ఆ వార్డులో పెద్ద సారు పడీపడీ నవ్వగా మేం చూసింది ఆ ఒక్కరోజే. అప్పటినుంచి ఎవరి ఒంటి మీద వాత కనబడినా తిట్టడానికి ముందు, "ఏది ముందు పెట్టారమ్మా?" అని అడిగేవాడు.

ఇప్పటి మిషన్లు చూసే చూపు మా వేళ్ళకు లేదు. పాత రోజులే గొప్పవని వాదించే రకం కాను నేను. ఆ మిషను ఆనాడు ఉండుంటే నాగరత్న ఒంటి మీద ఆ పొక్కులతో, నా పైటతో పనే ఉండేది కాదు. కాని నా కడుపు సంగతే చూడండి. రాళ్ళున్నమాట నిజమే కావచ్చు, అవి ఎప్పటినుంచి ఉన్నాయో ఏమో. నా నొప్పి అక్కడ కాదు. ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "పాపా, నీ పెన్ను ఇట్లా ఇయ్యి" అని తీసుకుని, నొప్పి మొదలైనచోట ఒక చుక్క, ఇప్పుడున్నచోట ఒక చుక్క పెట్టుకున్నాను. ఆ చిన్న డాక్టరు మిషను పక్కనపెట్టి, చుక్క మీద చేయి పెట్టింది. మంచుముక్కలా ఉంది. "ముందు అరచేతులు రుద్దుకో. నా మొహం చూడు" అన్నాను. రుద్దుకుంది, చూసింది. "ఇలా గుర్తులు పెట్టుకోవడం ఎవరు నేర్పారు మేడమ్?" అని అడిగింది. జేజి అన్నాను. నేర్పింది నేనే అయినా, నోటికి ఆ పేరే వచ్చింది.

జేజి పోయినప్పుడు నేను గోరంట్లలో ఉద్యోగంలో ఉన్నాను. కబురంది బుక్కరాయసముద్రం చేరేసరికి ఆమెకు మాట పడిపోయింది. మంచం పక్కన కాలిన పసుపు వాసన కోసం వెతికాను, లేదు. చూరుకు మూట అలాగే వేలాడుతోంది. ఏం జరిగిందని అత్తను అడిగితే, "నాకేం తెల్సు! కడుపు నొస్తాందని పొద్దున బొగ్గు తెమ్మనె. నిన్ను పిలిపించమనె" అంది. పైట తొలగించి చూశాను. వయసుకు ముడతలు పడ్డ ఆ పొట్ట మీద ఒక మసిబొట్టు, దానికి జానెడు కింద ఇంకొకటి. నా కోసం పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక, ఆమె మొహం చూస్తూ ఆ కింది బొట్టు మీద చేయి పెట్టాను.